1877 శీతకాలపు కాలిబంతి



క్రికెట్టు చరిత్రతో కొంచెమైనను పరిచయము గలవారికి 1877వ సంవత్సరమనగానే మెల్బోర్ను నగరము స్ఫురించును. ఆ యేటి మార్చి 15వ తేదీన ఆ నగరపు క్రికెట్టు మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన జట్టునకును ఆస్ట్రేలియా జట్టునకును ప్రారంభమైన పోటీనే తరువాతివారు మొట్టమొదటి టెస్టు మ్యాచిగా లెక్కించిరి. అందు చార్లెస్ బానర్మన్ 165 పరుగులు చేసి, చేతికి దెబ్బ తగిలి విరమించుటయు, ఆస్ట్రేలియా 45 పరుగుల తేడాతో గెలుచుటయు మీలో పెక్కుమంది చదివియే యుందురు. అయితే ఆ సందడి ముగిసి, బ్యాట్లు అటకలకెక్కి, ఆ దేశపు చలికాలము ప్రవేశించిన తరువాత, అదే నగరమునందును, దానికి పశ్చిమమున సముద్రతీరమందున్న అడిలైడు నగరమునందును, ఆటవలన అణాపైసల ఆదాయము లేని యువకులు కొందరు, తమ కాలిబంతి ఆటకు ఒక సంఘమును, ఒక నియమావళిని ఏర్పరచుకొని, ఆ కట్టుబాటునకు లోబడి ఒక ఋతువంతయు ఆడిన వృత్తాంతము అంతగా ప్రచారమునకు రాలేదు. ఆ ఋతువును గూర్చియే నేటి నా ప్రసంగము.

ముందుగా ఆ కాలపు ఆస్ట్రేలియా స్వరూపమును కొంత మనస్సున నిలుపుకొనవలెను. నేడు మనము ఒక్క దేశముగా ఎరిగిన ఆ ఖండము 1877లో బ్రిటిషు మకుటమునకు లోబడిన ఆరు వేర్వేరు వలసరాజ్యములుగా నుండెను. ఒక రాజ్యపు సరుకు ఇంకొక రాజ్యమున ప్రవేశింపవలెనన్న సరిహద్దున సుంకము చెల్లింపవలసినదే; రైలుపట్టాల నడిమి వెడల్పు సైతము విక్టోరియాలో ఒకటి, న్యూ సౌత్ వేల్సులో మరియొకటి. మెల్బోర్ను రైలుమార్గమును సిడ్నీ రైలుమార్గమును సరిహద్దున కలిసికొనుట 1883లోగాని జరుగలేదు. అడిలైడునకును మెల్బోర్నునకును రైలు నడచుట 1887లోగాని సాధ్యపడలేదు. కనుక ఒక రాజధానినుండి మరియొక రాజధానికి పోగోరువారు సాధారణముగా పొగయోడనే ఆశ్రయించుచుండిరి. ఇట్లు పన్నులయందును పట్టాలయందును పొత్తు కుదరని జనులు ఒక ఆట నియమములయందు పొత్తు కుదుర్చుకొనజూచిరనుట గమనింపదగిన విషయము.

ఆటకు ముందు తీరిక కావలెను. ఆ తీరికకును ఒక చరిత్ర కలదు. 1856 ఏప్రిల్ 21న మెల్బోర్ను విశ్వవిద్యాలయ భవనములను నిర్మించుచున్న రాతిపనివారు పనిముట్లను క్రింద పెట్టి, ఊరేగింపుగా నగరమున సాగి, దినమునకు ఎనిమిది గంటలకు మించి పని చేయబోమను తమ కోరికను నెగ్గించుకొనిరి. తరువాతి రెండు దశాబ్దములలో శనివారము మధ్యాహ్నపు సెలవు క్రమక్రమముగా దుకాణములకును, కార్యాలయములకును, కర్మశాలలకును వ్యాపించెను. మనకు రోహిణి ఎండలు మాడ్చు దినములే వారికి చలి ముదురు దినములు. మే మొదలు సెప్టెంబరువరకు ఆ దక్షిణభూమిలో క్రికెట్టు ఆడుటకు వీలు లేదు. ఒకవంక బ్యాంకు గుమాస్తాకును తాపీపనివానికిని సమానముగా లభించిన శనివారపు అపరాహ్ణము, ఒకవంక ఊరిచుట్టును విశాలములైన ఉద్యానభూములు, ఈ రెండింటి నడుమ ఒక శీతకాలపు ఆట మొలకెత్తుట సహజమే కదా!

ఆ మొలకకు విత్తు నాటినవాడు టామ్ విల్స్. ఆస్ట్రేలియాలో పుట్టి, ఇంగ్లండులోని రగ్బీ పాఠశాలలో చదివి, క్రికెట్టులో కీర్తి గడించి స్వదేశమునకు తిరిగివచ్చిన యీతడు, 1858 జూలై 10న ఒక క్రీడాపత్రికకు లేఖ వ్రాయుచు, చలికాలమంతయు క్రికెట్టు ఆటగాండ్రు సోమరులై ఒళ్లు బరువెక్కి కూర్చుండక ఒక కాలిబంతి క్లబ్బును స్థాపించుకొనుట మేలనియు, అది పొసగనిచో తుపాకి గురిచూచు క్లబ్బునైనను పెట్టుకొనవలెననియు సూచించెను. ఆ సంవత్సరమే ఆగస్టు 7న స్కాచ్ కాలేజి, మెల్బోర్ను గ్రామర్ స్కూలు అను రెండు విద్యాలయములవారు, పక్షమునకు నలుబదిమంది చొప్పున, రిచ్మండ్ పచ్చికభూమిలో తలపడిరి. మధ్యస్థులలో ఒకడు విల్స్; రెండవవాడు జాన్ మెకాడమ్ అను రసాయనశాస్త్రవేత్త, మెకాడమియా యను గింజకు ఈయన పేరే పెట్టిరి. మూడు శనివారములు సాగిన ఆ పోటీ తుదకు చెరియొక గోలుతో సమానముగా నిలిచిపోయెను.

మరుసటి సంవత్సరము, అనగా 1859 మే మాసమున, మెల్బోర్ను క్లబ్బు పక్షమున విల్స్, హామర్‌స్లీ, థాంప్సన్, స్మిత్ అనువారు ఒక హోటలులో సమావేశమై పది నియమములు వ్రాసిరి. వీరిలో ఒకరు రగ్బీలో, ఇద్దరు కేంబ్రిడ్జిలో, ఒకరు డబ్లిన్‌లో చదివినవారు. ఎవరి విద్యాలయపు ఆట వారికి ప్రియము. అయినను ఎవరి పద్ధతిని వారు పట్టుకొని కూర్చుండక, పిల్లలు బడి ఆవరణములో మోకాళ్లు చిట్లగొట్టుకొని ఆడుకొనవచ్చును గాని, సోమవారము ఉదయముననే ఉద్యోగమునకు పోవలసిన గృహస్థులకు అట్టి ఆట పనికిరాదని నిశ్చయించి, ప్రత్యర్థి కాలిపై తన్నుటను నిషేధించిరి. సరళతయు, సౌలభ్యమును ఆ పది నియమముల ప్రధానగుణములు. 1866లో విల్స్ బంధువైన హెచ్. సి. ఎ. హారిసన్ ఆధ్వర్యమున అవి సంస్కరింపబడి, మరికొంత విస్తృతిని పొందెను.

పాపము, ఆద్యుడైన విల్స్ జీవితము విషాదాంతమైనది. 1861లో క్వీన్స్‌లాండున ఆదిమవాసుల దాడిలో తండ్రి హతుడు కాగా, సుమారు ఐదేండ్లకే ఆ కుమారుడు విక్టోరియాలోని ఆదిమవాసులను చేరదీసి వారికి క్రికెట్టు శిక్షణ నిచ్చెను. 1866 క్రిస్మసు మరునాడు మెల్బోర్ను మైదానమున వారి జట్టునకు తానే నాయకుడై నిలిచెను. ఆ వెనుక మద్యమునకు వశుడై, మతి చలించి, 1880లో తన ప్రాణమును తానే తీసికొనెను. ఆ ఆదిమవాసులకును ఒక బంతియాట కలదు. పోసమను జంతువు చర్మముతో కట్టిన బంతిని పైకి తన్ని, ఎగిరి పట్టుకొను ఆ ఆటను మార్న్‌గ్రూక్ అను పేర 1878లో బ్రఫ్ స్మిత్ తన గ్రంథమున వర్ణించెను. దాని ప్రభావము విల్స్ ఆటపై పడినదా, లేదా యను చర్చ పండితులకు విడిచెదను. ఆ పచ్చికభూములయందు తొలుత బంతి ఎగురవేసినవారు తెల్లవారు కారనుమాట మాత్రము మరువరాదు.

ఇక ఆ ఆట ఎట్టిదో కన్నులకు కట్టునట్లు చెప్పుట రేడియోలో కష్టమైనను, ప్రయత్నించెదను. గోలుకు గోలుకు నడుమ దూరము 200 గజములకు మించరాదు. గోలనగా ఏడు గజముల యెడముతో పాతిన రెండు నిలువు స్తంభములు మాత్రమే. మీద అడ్డుకర్ర లేదు, వల లేదు. బంతి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. పక్షమునకు ఇరువదిమంది. బంతిని చేతితో పట్టవచ్చును, చంకనిడి పరుగెత్తవచ్చును, పిడికిలితో గుద్ది తోటివానికి అందింపవచ్చును. విసరుట మాత్రము నిషిద్ధము. పరుగెత్తువాడు ఐదారు గజములకొకమారు బంతిని నేలకు కొట్టి తిరిగి అందుకొనవలెను. మన చెడుగుడులో కూత ఎట్టిదో ఆ యాటలో ఈ నేలదెబ్బ అట్టిది. అది తప్పినవానికి ముందుకు సాగు హక్కు తప్పును. ఎవడైనను తన్నిన బంతిని గాలిలోనే పట్టుకొన్నవానిది ‘మార్కు’. వానిని ఎవ్వరును ముట్టరాదు, నిలిచి నిదానముగా తన్నుకొనును. అన్నిటికిని మించిన విశేషమేమనగా, ఆ యాటలో ‘ఆఫ్‌సైడు’ అను కట్టడి లేదు. బంతికి ముందుండెనా, వెనుకనుండెనా యని ఎవ్వరును అడుగరు. కావుననే మైదానమంతయు, ఈ కొసనుండి ఆ కొసవరకు, ఏకకాలమున సజీవముగా నుండును. గెలుపునకు లెక్క గోళ్లు మాత్రమే. కనుక ఒకటి రెండు గోళ్లతో తేలు పోటీలును, అసలే తేలక సమానములగు పోటీలును తరచుగా సంభవించుచుండెను.

1877 నాటికి ఈ యాట విక్టోరియాలో జనాదరణను సంపూర్ణముగా చూరగొనెను. అయితే క్లబ్బులు పెరిగినకొలది కలహములును పెరిగెను. తొలినాళ్లలో క్లబ్బుల పోటీలయందు ఉభయపక్షముల కెప్టెన్లే తగవులు తీర్చుకొనుచుండిరి. అనంతరము మధ్యస్థులు వచ్చిరి. నియమములకు అర్థము చెప్పువారెవరు? ఒక క్లబ్బు ఆటగాడు నడుమ మరియొక క్లబ్బునకు ఆడవచ్చునా? పోటీకి రాని జట్టును ఏమి చేయవలెను? ఇట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పదగిన అధికారపీఠము ఎక్కడను లేదు. అడిలైడులో స్థితి మరింత చిక్కుగా నుండెను; అచట ఏ క్లబ్బు పచ్చికమీద ఆడిన ఆ క్లబ్బు పద్ధతియే చెల్లునన్నట్లు కొన్నియేండ్లు గడచెను.

ఈ చిక్కును ముందు విప్పినవారు అడిలైడువారే. 1877 ఏప్రిల్ 30న ఆ నగరములోని ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ హోటలున ఆయా క్లబ్బుల ప్రతినిధులు కూడి దక్షిణ ఆస్ట్రేలియా ఫుట్‌బాలు సంఘమును స్థాపించిరి. వారిలో సౌత్ అడిలైడు, అడిలైడు, పోర్టు అడిలైడు, కెన్సింగ్టన్, వుడ్‌విల్ మొదలైన నగర పరిసరముల క్లబ్బులతోపాటు, విక్టోరియన్స్ అను పేరు పెట్టుకొన్నవారును, బ్యాంకు ఉద్యోగులు కూర్చుకొన్న బ్యాంకర్స్ క్లబ్బును ఉండెను. విక్టోరియా పద్ధతికి సన్నిహితమైన నియమావళినే వారు స్వీకరించిరి. తరువాత కొలది దినములకే, మే నెలలో, మెల్బోర్నునందు విక్టోరియా ఫుట్‌బాలు సంఘము అవతరించెను. మెల్బోర్ను, కార్ల్టన్, హాథమ్, సెయింట్ కిల్డా, ఆల్బర్ట్ పార్కు అను నగరపు క్లబ్బులును, రైలు ప్రయాణపు దూరముననున్న జీలాంగును అందు పెద్ద క్లబ్బులుగా చేరెను.

సంఘమనగా మనము నేడు ఊహించునట్టి కార్యాలయము, ధనాగారము, సిబ్బంది ఏవియు లేవు. ఒక కార్యదర్శి, ఒక మినిట్ల పుస్తకము, సాయంత్రమున హోటలు గదిలో కూడు కొందరు ప్రతినిధులు, ఇంతే. ఆ ప్రతినిధులైనను వయస్సు మీరిన పెద్దలు కారు. అడిలైడు సంఘ స్థాపనమున పాల్గొన్న పాత్రికేయుడు రిచర్డ్ ట్వోపెనీ అప్పటికి ఇరువది యేండ్లు నిండని యువకుడు. ఆరేండ్ల తరువాత ఆస్ట్రేలియా నగరజీవనమును గూర్చి తాను ప్రచురించిన గ్రంథమున ఈ విక్టోరియా ఆటనే మిగిలిన ఫుట్‌బాలు పద్ధతులకన్న మేలైనదిగా మెచ్చుకొనెను. సౌత్ అడిలైడు క్లబ్బు ప్రముఖులలో ఒకడైన చార్లెస్ కింగ్‌స్టన్ అను న్యాయవాది అప్పటికి ముప్పది నిండనివాడు. ఈయనయే 1893లో దక్షిణ ఆస్ట్రేలియాకు ప్రధానియై, స్త్రీలకు ఓటుహక్కునిచ్చిన శాసనమును నెగ్గించి, 1901లో ఆస్ట్రేలియా ఒక్క రాజ్యమైనప్పుడు వాణిజ్యసుంకముల మంత్రిపదవిని వహించి, రాజ్యమునకు రాజ్యమునకు నడుమనున్న సుంకపు గోడలు కూలిన తరుణమున ఆ శాఖను నడిపెను. యౌవనమున ఆటకొరకు పొత్తులు కుదిర్చిన చేయి ప్రౌఢవయస్సున దేశముకొరకు పొత్తులు కుదిర్చినది.

ఇక ఆ ఋతువును చూతము. నేటివలె ప్రతి క్లబ్బును ప్రతి క్లబ్బుతోను ఇన్నిమారులు ఆడవలెనను నిర్ణయము లేదు. ఋతువు మొదట కార్యదర్శులు తమలో తాము మాటాడుకొని ఏ శనివారము ఎవరితో ఎచ్చట ఆడవలెనో నిర్ణయించుకొనుచుండిరి. ఒక క్లబ్బు ఎక్కువ పోటీలు, మరియొక క్లబ్బు తక్కువ పోటీలు ఆడుట సర్వసాధారణము. పెద్ద క్లబ్బులు చిన్న క్లబ్బులతోను ఆడుచుండెను. అప్పుడు బలమును సరిచేయుటకై పెద్దవారు ఇరువదిమందితో దిగగా, చిన్నవారికి ఇరువదిరెండు మొదలు ఇరువదియైదుమందివరకు దింపు వీలు కల్పించుచుండిరి. బలవంతుడు తనంతట తాను బలహీనునకు ఒసగు ఈ వెసులుబాటు ఆ కాలపు అమెచ్యూరు ధర్మమునకు, అనగా జీతమాశింపక ఆడువారి ధర్మమునకు, చక్కని లక్షణము. గెలుపు విలువ ప్రత్యర్థి నిలువగలుగుటపై ఆధారపడియున్నదని వారెరుగుదురు.

పోటీలు ఎక్కువగా జరిగినది ఉద్యానభూములయందు. అవి ప్రజల సొత్తు. వానికి కంచె వేయుటకుగాని, చూడవచ్చినవారిని రుసుమడుగుటకుగాని ఎవ్వరికిని అధికారము లేదు. జనము గీటు దాటి మైదానములోనికి చొచ్చుకొనివచ్చుట ఎప్పుడును ఉన్నదే. క్రికెట్టు మైదానముల యజమానులేమో తమ సుకుమారమైన పచ్చికపై బూటుకాళ్ల యువకులను అడుగు పెట్టనిచ్చుటకు జంకుచుండిరి. ఈ సంకటమునకు మెల్బోర్ను క్రికెట్టు క్లబ్బువారు 1876లో కనిపెట్టిన ఉపాయము విచిత్రమైనది. వారు కట్టించిన ప్రేక్షకమంటపములోని ఆసనములు రెండువైపులకు త్రిప్పుటకు వీలైనవి: వేసవిలో లోపలివైపు తిరిగి కూర్చుండినచో క్రికెట్టు, చలికాలమున వెలుపలివైపు తిరిగి కూర్చుండినచో ఉద్యానములోని ఫుట్‌బాలు. మార్చిలో మొదటి టెస్టును చూచిన ఆసనములే మేలో వీపు త్రిప్పుకొని కాలిబంతిని చూచెనన్నమాట. ఆ మంటపము 1884లో అగ్నికి ఆహుతియైనది.

విజేతను నిర్ణయించు విధమును వినిన మీరు ఆశ్చర్యపడుదురు. అంతిమ పోటీ లేదు. గెలుపునకిన్ని పాయింట్లని కూడిక లేదు. ఋతువు ముగియగానే ఎవరెన్ని గెలిచిరి, ఎవరెన్ని ఓడిరి, ఎవరితో ఆడి గెలిచిరి యను విషయములను పత్రికలలోని క్రీడావిమర్శకులు తర్కించి, జనాభిప్రాయమును కూడగట్టి, ఫలానివారు ప్రథములని చాటుచుండిరి. అంతకుముందు సంవత్సరము మెల్బోర్ను క్లబ్బునకు దక్కిన ఆ గౌరవము 1877లో కార్ల్టన్‌కు దక్కెను. అడిలైడులోనైతే సౌత్ అడిలైడును, విక్టోరియన్స్‌ను సరిసమానముగా నిలువగా, వారిద్దరిని కలిపి విజేతలుగా చెప్పుకొనుట జరిగెను. ఇద్దరిలో ఎవరు మేలో తేల్చవలెనను తహతహతో మరియొక పోటీ పెట్టక ఋతువును అంతటితో ముగించిరి. తేలని విషయమును తేలనట్లే విడిచిపెట్టుటకు ఒక నిబ్బరము కావలెను. ఆ నిబ్బరము నేటి క్రీడారంగమున అరుదు.

ఆ చలికాలపు జూన్ నెలలో జరిగిన మరియొక ఘట్టము చెప్పక తప్పదు. సిడ్నీలోని వరాటా క్లబ్బు ఆడునది రగ్బీ. కార్ల్టన్ ఆడునది విక్టోరియా పద్ధతి. ఎవరి నియమముతో ఎవరు ఆడవలెను? వాదమునకు దిగక ఇరువురును న్యాయమైన మార్గము త్రొక్కిరి. కార్ల్టన్‌వారు సిడ్నీ పోయి రెండు పోటీలాడిరి: ఒకటి రగ్బీ నియమముల ప్రకారము, రెండవది విక్టోరియా నియమముల ప్రకారము. మొదటిదానిలో వరాటా గెలిచెను, రెండవదానిలో కార్ల్టన్ గెలిచెను. అనగా ప్రతి జట్టును తన విద్యయందు గెలిచి, ఎదుటివాని విద్యయందు ఓడినది. ఓడుదుమని దాదాపుగా తెలిసియు, అతిథికొరకు అతిథి నియమముతో ఆడిన మర్యాద మెచ్చదగినది. అయితే మర్యాద వేరు, మతాంతరము వేరు. సిడ్నీ నగరము రగ్బీని విడువలేదు, మెల్బోర్ను తన ఆటను విడువలేదు. ఆ సంవత్సరమే మెల్బోర్నునుండి అడిలైడునకు ఓడమీద పోయిన క్లబ్బుల యాత్ర మాత్రము శాశ్వతఫలము నిచ్చెను. రెండేండ్లకు, 1879 జూలై 1న, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాజ్యముల ప్రతినిధి జట్లు మొదటిసారి ఈస్ట్ మెల్బోర్నున తలపడెను. ఆనాడు విక్టోరియా ఏడు గోళ్లు చేయగా, దక్షిణ ఆస్ట్రేలియాకు ఒక్కటియు లభింపలేదు.

ఆ కాలపు ఆటగాండ్రలో ఒక్కని పేరైనను మీకు చెప్పవలెనన్న, అది కార్ల్టన్‌కు చెందిన జార్జి కౌల్థర్డు పేరు. ఆ దశకమున విక్టోరియాలో ఈతనికి సాటియైన ఆటగాడు లేడని ప్రశస్తి. మెల్బోర్ను క్రికెట్టు క్లబ్బులో సభ్యులకు బంతులు వేయుట ఈతని జీవనోపాధి. అనగా వేసవిలో క్రికెట్టువలన కూలి పుచ్చుకొనువాడు, చలికాలమున ఫుట్‌బాలు మాత్రము ఉచితముగా ఆడువాడు. 1879 ఫిబ్రవరిలో లార్డు హారిస్ నాయకత్వమున ఇంగ్లండు జట్టు సిడ్నీలో ఆడుచుండగా, కౌల్థర్డు అంపైరుగా నుండి స్థానిక వీరుడు బిల్లీ మర్డాకును ఔటని ప్రకటించెను. జనము క్రోధమున మైదానములోనికి దూకి అల్లరి చేసిరి. ఆనాటి రెండవ అంపైరు ఎడ్మండ్ బార్టన్. ఈయనయే 1901లో ఆస్ట్రేలియా మొదటి ప్రధానమంత్రి యయ్యెను, కింగ్‌స్టన్ ఈయన మంత్రివర్గమువాడే. కౌల్థర్డునకు అంత ఆయుస్సు లేదు. ఒక్క టెస్టు మ్యాచి ఆడి, క్షయరోగపీడితుడై, 1883లో ఇరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను.

తరువాతి కథ వేగముగా చెప్పెదను. పోటీలు ఉద్యానములను విడిచి కంచె గల క్రికెట్టు మైదానములకు తరలెను. 1879 ఆగస్టున మెల్బోర్ను మైదానమున విద్యుద్దీపముల వెలుగున రాత్రివేళ సైతము ఆట ప్రదర్శించిరి. కంచె వచ్చినచోట గేటు వచ్చును, గేటు వచ్చినచోట పైకము వచ్చును. పైకము వచ్చిన వెనుక మంచి ఆటగానికి చాటుగా ముట్టజెప్పుటయు, ధనిక క్లబ్బునకును దరిద్ర క్లబ్బునకును వైరమును తప్పలేదు. 1896 అక్టోబరులో బలిష్ఠములైన ఎనిమిది క్లబ్బులు పాత సంఘమునుండి చీలిపోయి విక్టోరియా ఫుట్‌బాలు లీగును పెట్టుకొని, మరుసటి సంవత్సరము గోలుకు ఆరు పాయింట్లు, ప్రక్కస్తంభముల నడుమ పోయినదానికి ఒక పాయింటు అను నేటి లెక్కను ప్రవేశపెట్టెను. 1911లో ఆ లీగు ఆటగాండ్రకు జీతమిచ్చుటను బహిరంగముగా అంగీకరించెను.

అయినను అమెచ్యూరు ధర్మము అంతరింపలేదు. 1892లో కొన్ని చిన్న క్లబ్బులు స్థాపించుకొన్న సంఘమే తరువాత విక్టోరియా అమెచ్యూరు ఫుట్‌బాలు సంఘమను పేరు దాల్చెను. మెల్బోర్ను విశ్వవిద్యాలయపు జట్టు 1908లో లీగున చేరి, ఆటగాండ్రకు పైకమిచ్చుట తన ధర్మము కాదని పట్టుబట్టి, ఒకవంక పరీక్షలు, ఒకవంక జీతగాండ్రైన ప్రత్యర్థులు కాగా, తుదకు వరుసగా ఏబదియొక్క పోటీలలో ఓడి, 1914తో నిష్క్రమించెను. ఇంతకన్న శోచనీయమైన పరాజయపరంపర మరియొకటి చూపుట కష్టము. కాని ఏబదియొక్క శనివారములు ఓటమి నిశ్చయమని ఎరిగియు మైదానమునకు వచ్చిన ఆ విద్యార్థులను చూచి నవ్వువారికి ఆట యననేమో తెలియదని నా అభిప్రాయము.

ఈ కథకు మన ప్రాంతముతోను ఒక చిన్న ముడి కలదు. 1956లో ఒలింపిక్ క్రీడలు మెల్బోర్నున జరిగినప్పుడు, ఆతిథ్యమిచ్చు దేశమువారు తమ సొంత ఆటను ప్రపంచమునకు ప్రదర్శింపగోరిరి. ఒలింపిక్ నిబంధనల ప్రకారము జీతగాండ్రకు ప్రవేశము లేదు గనుక, లీగులోని మహావీరులు తప్పుకొనగా, ఆ గౌరవము అమెచ్యూరులదయ్యెను. డిసెంబరు 7న మెల్బోర్ను మైదానమున అమెచ్యూరు సంఘపు జట్టు, లీగునుండియు పాత సంఘమునుండియు ఏరిన అమెచ్యూరు ఆటగాండ్ర జట్టును ఓడించెను. అదే దినమున, అదే మైదానమున, భారతదేశపు ఫుట్‌బాలు జట్టు మూడవ స్థానమునకై బల్గేరియాతో ఆడి ఓడి, నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టునకు శిక్షకుడు మన హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీమ్. సికింద్రాబాదు ప్రాంతపు యువకుడు తులసీదాస్ బలరామ్ ఆ బృందములోనివాడు. అంతకు కొలది దినములకు ముందే నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేయగా మనవారు ఆస్ట్రేలియాను నాలుగు గోళ్లకు రెండుగా జయించియుండిరి. రెండు జాతుల కాలిబంతులును, ఒకటి గుండ్రనిది, ఒకటి కోలనిది, జీతము లేని యువకుల కాళ్లతో ఒక్కపచ్చికపై ఒక్కనాడు దొర్లెను.

ఇంత చెప్పిన తరువాత, 1877 ఋతువు మనకు మిగిల్చినదేమి యని మీరడుగవచ్చును. నాకు తోచినది చెప్పెదను. ఆ సంఘములకు జరిమానా విధించి వసూలు చేయు బలము లేదు. జీతమిచ్చి విధేయతను కొను ధనము లేదు. మైదానమునకు తలుపు వేయు అధికారమైనను లేదు. ఉన్నది ఒక్క నియమావళి. ఆ నియమావళిని వ్రాసికొన్నవారే దానికి తలయొగ్గిరి. తమకు ప్రతికూలముగా తీర్పు వచ్చిన శనివారమునాడును తలయొగ్గిరి. అధికారము పైనుండి దిగి రానిచోట, తమకు తామే అధికారమును సృజించుకొని దానిని మన్నించుట పౌరధర్మమునకు తొలిపాఠము. కింగ్‌స్టన్ వంటివారు రాజ్యముల పొత్తునకు పాటుపడుటకు ఇరువది సంవత్సరములకు ముందే ఈ పాఠమును బురదలోను వానలోను చదువుకొనిరి.

మన పట్టణములయందును పల్లెలయందును సంవత్సరమునకొకమారైనను క్రీడాసంఘములు మొలకెత్తుచుండును. ముందుగా కప్పునకు చందాలు వసూలగును. పిమ్మట అధ్యక్షునికి దండలు సిద్ధమగును. నియమములు మాత్రము మొదటి తగవు పుట్టిననాడు గాని ఎవరికిని జ్ఞాపకము రావు. రెండవ సంవత్సరమునకు అట్టి సంఘములలో పెక్కింటికి బోర్డు మాత్రమే మిగులుట మీరెరిగినదే. అడిలైడు, మెల్బోర్ను యువకులు ఈ క్రమమును తలక్రిందులు చేసిరి: నియమము ముందు, సంఘము పిమ్మట, బహుమానము అన్నిటికి చివర. వారు పెట్టిన రెండు సంఘములును, పేర్లు మారినను, పోటీ యేర్పాటు మారినను, నేటికిని జీవించియున్నవి. క్లబ్బు పెట్టదలచిన మన యువకులు చందా పుస్తకమునకన్న ముందు మినిట్ల పుస్తకమును కొనుట మేలు.